సెనెయిదా అత్త పాటలకు చోటు

ఎవెలియో పాత చొక్కా గుడ్డతో కంప్యూటరు మీటల మధ్య చెమ్మ తుడుస్తున్నాడు. అత్రాతో నది ఒడ్డున ఏడాది పొడుగునా వానే కాబట్టి గ్రంథాలయం తెరవగానే అతను రోజూ చేసే మొదటి పని అదే. కప్పు కారే చోట బకెట్టు పెట్టి, కళ్లజోడు సవరించుకుని నోటుపుస్తకం తెరిచాడు. అందులో వెబ్‌సైట్లకు చోటు అద్దెకిచ్చే అయిదు హోస్టింగ్ కంపెనీల పేర్లు, ఒక్కోదాని కింద అవే మూడు ప్రశ్నలు. రోజూ నకలు తీసి వేరే చోట దాస్తారా? ఫోను చేస్తే మనిషి పలుకుతాడా? మీరు దుకాణం ఎత్తేస్తే మా సరుకు మాకిస్తారా?

మూడో ప్రశ్న ఊరికే పుట్టలేదు. పోయినేడు గ్రంథాలయానికి వెబ్‌సైట్ పెట్టినప్పుడు దాన్ని ఎక్కడ ఉంచాలో అతను ఎవరినీ ఒక్క ముక్క అడగలేదు. ఎవెలియో కూతురి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలిచిన ఫావెర్, పట్నంలో తన కొట్టు వెనకగదిలో సైట్లకు చోటిచ్చే వ్యాపారమే నడిపేవాడు. "నేనుండగా పరాయివాళ్లెందుకు బావా?" అన్నాడు. కాదంటే బంధుత్వం చెడుతుందని ఎవెలియో మొహమాటపడ్డాడు. ఏడు నెలలు తిరక్కుండానే ఫావెర్ కంప్యూటర్లు అమ్మేసి పనామా వెళ్లిపోయాడు. సైటుతో పాటు సెనెయిదా అత్త పాడిన పన్నెండు పాటలూ పోయాయి. రికార్డరులో ఉన్నవాటిని బడిపిల్లల కార్యక్రమం కోసం తనే చెరిపేసి ఉన్నాడు, తెలివి తక్కువ మనిషి.

అవి మామూలు పాటలు కావు, శవం దగ్గర పాడేవి. శవం లేకుండా వాటిని ఎత్తుకుంటే చావును పిలిచినట్టేనని నది పొడుగునా నమ్ముతారు. ఆరు నెలలు బతిమాలితే ఆవిడ సిలువ గుర్తు వేసుకుని, భయపడుతూనే ఒక్కసారి పాడింది. అవి పోయాయని చెప్పిన రోజున ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది.

తొమ్మిదింటికి వాకిట్లో చెప్పులు విదిలించిన చప్పుడైంది. సెనెయిదా అత్తే. డెబ్బై తొమ్మిదేళ్ల సన్నటి మనిషి, నల్ల గౌను, చేతిలో ముడివేసిన తెల్ల రుమాలు.

"ఒరే, రేవు దగ్గర నోల్బెర్తో పోయాడుగా. పదింటికి ఎత్తుతున్నారు. శవముంది కాబట్టి ఇవాళ దోషం లేదు. నీ రికార్డరు పెట్టె పట్టుకుని రా, అన్నీ పాడతా."

"ఇవాళా అత్తా?" ఎవెలియో నోటుపుస్తకం వంక చూశాడు. "ముందు నమ్మకమైన చోటు చూడనీ. ఈసారి పోగొట్టనని నీకు మాటిచ్చాగా. మళ్లీ ఎవరైనా పోతే తప్పకుండా వస్తా."

"ఎవరు పోతారో, ఎప్పుడు పోతారో నీకేమన్నా చీటీ వచ్చిందా?" ఆవిడ నవ్వి, రుమాలు ముడి విప్పి రెండు కొత్త బ్యాటరీలు బల్ల మీద పెట్టింది. "అప్పుడు పెట్టె సగంలో ఆగిపోయిందని గింజుకున్నావుగా. దారిలో కొన్నా. ఉంచు."

"ఇల్లు చూసుకోకుండా సామాను దించమంటావేంటత్తా."

"మీ చదువుకున్నోళ్లకు అన్నీ చాదస్తాలే," అంటూ ఆవిడ మెల్లగా మెట్లు దిగిపోయింది.

మొదటి కంపెనీ ఫోనులో సంగీతం వినిపిస్తూ కూర్చోబెట్టింది. రెండోది మోగి మోగి ఆగిపోయింది. మూడోదానికి చేస్తుండగా రేవు వైపు నుంచి పాట వచ్చింది. ముందు ఆవిడ ఒక్కతే ఎత్తుకుంది, వెనక ఆడవాళ్లంతా వంత కలిపారు. అంత నిండుగా ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో. ఈలోగా ఫోనులో ఎవరో పలికి, "ఏంటండీ ఆ గోల, సరిగ్గా వినబడట్లేదు," అన్నారు. ఎవెలియో లేచి కిటికీ మూశాడు.

నాలుగోదానిలో ఒక అమ్మాయి వెంటనే పలికింది. మూడు ప్రశ్నలకూ తడుముకోకుండా జవాబు చెప్పింది. ఇంతకాలం వెతికిన చోటు ఇదేననిపించింది. మధ్యాహ్నం మూడింటికల్లా అంతా కుదిరింది. కొత్త సైటులో అత్త పేరు మీద ఒక అర తెరిచాడు. ఖాళీగా ఉన్నా దాన్ని చూస్తుంటే తృప్తిగానే ఉంది.

అప్పుడే రేవులో చేపలు వేయించి అమ్మే నోరీస్ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె చేతులకు ఇంకా పిండి ఉంది.

"సెనెయిదా అత్త పోయింది ఎవెలియో. సమాధి దగ్గర కూడా తనే పాడింది. ఇవాళ గొంతు బాగా తెరుచుకుందే అని మురిసిపోయింది. తిరిగొస్తూ నా బల్ల మీద కూర్చుని మంచినీళ్లడిగింది. తెచ్చేలోపే..."

ఎవెలియో కళ్లజోడు తీసి నోటుపుస్తకం మీద పెట్టాడు.

"ఈ రాత్రి ఆవిడకు పాడాలిగా. ఎత్తుకోవడం ఆవిడొక్కదానికే వచ్చు, మాకొచ్చింది వంత పాడటమే," అంది నోరీస్. "నీ దగ్గర ఆవిడ పాటలు పన్నెండున్నాయంట. భద్రంగా ఉన్నాయని మొన్ననే అందరికీ చెప్పింది. ఆ పెట్టె తెచ్చి పెట్టు, దాని వెనకాలే పాడతాం."

పాటలు పోయిన సంగతి ఆవిడ ఊళ్లో ఒక్కరికీ చెప్పలేదన్నమాట. తన పరువు ఇన్నాళ్లుగా ఆవిడ నోట్లో దాగి ఉంది.

"లేవు నోరీస్," అన్నాడు. "పోగొట్టాను. ఇవాళ రమ్మని పిలిచింది. వెళ్లలేదు."

నోరీస్ చేతుల పిండి గౌనుకు తుడుచుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఎవెలియో కిటికీ తెరిచాడు. రేవు వైపు నుంచి వాన చప్పుడు తప్ప ఏమీ రాలేదు. బల్ల మీద రెండు బ్యాటరీలు, పైకాగితమైనా విప్పకుండా, ఆవిడ పెట్టిన చోటే ఉన్నాయి.