పోతలో తగ్గిన సైరన్

ఫైర్ స్టేషన్ కప్పు మీంచి పాత సైరన్‌ను దించి ముందు గదిలో బల్ల మీద పెట్టారు. గేటు పక్కన దిమ్మె కట్టి దాని మీద నిలబెడతారట, కింద బోర్డు మీద తయారుచేసినవాళ్ళ పేరు రాయిస్తారట. ఆ పేరేదో చెప్పమని నన్ను పిలిచారు. నాది మోటార్లు రీవైండింగ్ చేసే షాపు. ఎనిమిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టాను. పాత సైరన్లను చూసి ఏది ఏదో చెప్పడం మాత్రం ఈ ఊళ్ళో నాకు వచ్చినట్టు ఇంకొకరికి రాదు. గొప్పకు చెప్పడం లేదు. ఇంకెవరికీ పట్టదు కాబట్టి పోటీ లేదు, అంతే.

స్టేషన్ ఆఫీసరు అప్పటికే మోటారు మీది పేరు రేకు తుడిచి చదివేశాడు. పెద్ద విదేశీ కంపెనీ.

"రేకు మీద ఉందిగా. అదే రాయించేద్దాం" అన్నాడు.

సైరన్ల జోలికి వచ్చేవాళ్ళంతా ముందు చేసే తప్పు ఇదే. కాలిపోయిన మోటారును మారుస్తారు, కొత్తదాని రేకు దానితోనే వస్తుంది. అయినా కూత పుట్టేది మోటారులో కాదు. లోపల తిరిగే రోటరూ, దాని చుట్టూ కిటికీలున్న బాడీ కలిసి గాలిని ముక్కలుగా కోస్తే కూత పుడుతుంది. పేరు పెట్టాలంటే వాటిని చూసి పెట్టాలి.

అదే కంపెనీ సైరన్ ఒకటి నా షాపు మూల ఉంది. దాని కొలతలు నాకు కంఠతా వచ్చు. కాలిపర్ తీసి కొలిచాను. బాడీ వెడల్పు, కిటికీ ఎత్తు, రోటర్ రెక్క, దేన్ని కొలిచినా రవ్వంత తక్కువే, అన్నీ ఒకే పాళ్ళలో తక్కువ. ఇక మోటారు బిగించే బోల్టుల కన్నాలైతే గుండ్రంగా లేవు, ఆకురాయితో బయటివైపుకు రాసి రాసి కోడిగుడ్లలా చేశారు.

అసలు సంగతి నాకు అక్కడే తెలిసిపోయింది. ఎప్పుడో కంపెనీ సైరన్ పగిలింది. ఎవరో ఆ ముక్కలు అతికించి, వాటినే ఇసుకలో దించి మూస తీసి, కొత్త పోత పోశారు. కరిగిన లోహం చల్లారేటప్పుడు కాస్త కుంచించుకుంటుంది. అందుకే మేస్త్రీలు నమూనాను కావాలనే రవ్వంత పెద్దగా చెక్కుతారు. ఇక్కడ ఆ జాగ్రత్త తీసుకోలేదు. బాడీ తగ్గింది, పాత మోటారు తగ్గలేదు, బోల్టులు పట్టలేదు. అప్పుడు ఆకురాయి పట్టారు.

"ఇది కంపెనీది కాదు. ఈ ఊళ్ళోనే పోశారు" అని ఆఫీసరుకు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాను.

"ఎవరు పోశారు?"

"రేపు చెప్తాను."

"రేపు పెయింటర్ వస్తాడు. ఎవరిదో తేలితే సరే. తేలకపోతే రేకు మీదున్న పేరే. ఊరికే మీ మాట పట్టుకుని ఖాళీ బోర్డు పెట్టలేను కదా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ బోర్డు ఒకసారి తప్పుగా లేచిందంటే ఇక దించేవాడుండడు. నా మాటను లెక్కచేసేవాడూ ఉండడు.

ఎవరు పోశారో నాకు అనుమానం లేదు. ఆయన మా ఇంట్లోనే ఉంటాడు. మా మామగారు, ఒకప్పటి ఫౌండ్రీ మేస్త్రీ. మా అత్తగారు పోయినప్పటినుంచీ మా ముందు గదిలో మకాం. "మా అల్లుడా? బడి ఎగ్గొట్టిన బాపతు" అని వచ్చినవాళ్ళందరికీ నాకు వినపడేలా చెబుతాడు.

"మావయ్యా, ఫైర్ స్టేషన్ సైరన్ మీరు పోసిందేనా?" ఆ సాయంత్రం అడిగాను.

"ఏ సైరన్?"

"ఊళ్ళో ఎన్నున్నాయి?"

"పోసినవన్నీ గుర్తుండాలంటే నాకు ఇంకో బుర్ర కావాలి." పేపరు తిప్పాడు. "కంపెనీ పేరు రేకు మీద ఉంటుందిగా, చదవడం రాదా?"

"చదివాను. బోల్టు కన్నాలు కూడా చూశాను. కోడిగుడ్లలా ఉన్నాయి."

పేపరు కదలడం ఆగింది.

"నా చేతి కింద కన్నాలు ఎప్పుడూ గుండ్రంగానే ఉన్నాయి" అన్నాడు.

అది తనదని ఒప్పుకుంటే, పని నేర్చుకునేవాడు చేసినా వీపు మోగే తప్పు తను చేశానని ఒప్పుకోవాలి. ఎవరి ముందు? నా ముందు.

మా ఆవిడ వంటింట్లోంచే అంతా విన్నది. "పొద్దున ఫైర్ స్టేషన్ దాకా నడిచొద్దాం నాన్నా. రోజూ కుర్చీలోనే ఉంటే కాళ్ళు బిగుసుకుపోతాయి" అంది. ఆయన నా మాట వినడు కానీ కూతురి మాట కాదనలేడు.

పొద్దున్నే నా షాపులోని సైరన్‌ను వ్యాన్‌లో తెచ్చి స్టేషన్ బల్ల మీద వాళ్ళ సైరన్ పక్కన పెట్టాను. ఆఫీసరే కాలిపర్ పట్టుకుని కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"ఒప్పుకున్నాను. కంపెనీది కాదు. మరి ఎవరిది?"

కూతురి వెంట నడిచొచ్చిన మామగారు కిటికీలోంచి ఫైరింజను టైర్లను లెక్కపెడుతున్నట్టు చూస్తున్నాడు. మా ఆవిడ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది.

పెయింటర్ రంగు కలుపుతూ తలెత్తాడు. "వంతెన అవతలి ఫౌండ్రీ వాళ్ళదే అయ్యుంటుంది సార్. ఆ రోజుల్లో పెద్ద పనులన్నీ వాళ్ళేగా చేసింది. వాళ్ళ పేరు రాసేస్తా."

"వాళ్ళా?" మామగారు ఇటు తిరిగాడు. "వాళ్ళు పోసిన కాలవ మూత విరిగి ఒకాయన నడుముదాకా దిగిపోయాడు. వాళ్ళు సైరన్ పోస్తారా?"

"మరి ఎవరు పోశారండీ?" పెయింటర్ అమాయకంగానే అడిగాడు.

మామగారు బల్ల దగ్గరికి వచ్చాడు. కోడిగుడ్డు కన్నంలో వేలు పెట్టి తిప్పాడు.

"అప్పుడు ఏరు పొంగుతోంది. రోటర్ పగిలి బాడీని కూడా పగలగొట్టింది. ఊరిని లేపాలంటే ఉన్నది ఇదొక్కటే. ఇక నమూనా చెక్కుతూ కూర్చునే తీరిక ఎక్కడ? ముక్కలు అతికించి ఇసుకలో దించాను. తగ్గుతుందని తెలియక కాదు." కన్నంలోంచి వేలు తీశాడు. "తెలుసు. కంగారులో తోచలేదు. కూసింది మాత్రం. ఏటి అవతలివాళ్ళు కూడా విన్నారు."

నేను పెయింటర్‌కు చెప్పడం మొదలుపెట్టాను. మోటారు ఫలానా కంపెనీది, రోటరూ బాడీ ఫలానా ఫౌండ్రీలో ఫలానా మేస్త్రీ పోసినవి, ఆ కంపెనీ సైరన్‌కు నకలు.

"నకలు అనే మాట అవసరమా?" మామగారు అడిగాడు, నన్ను కాదు, గోడను.

"అవసరమే మావయ్యా. వాళ్ళు గీసిన డిజైన్ మీదని రాస్తే తప్పు. మీరు పోసింది వాళ్ళదని రాసినా తప్పే. ఇది నకలు. మంచి నకలు."

"పోనీలెండి, పెద్దాయన బాధపడుతున్నారు, ఆ ఒక్క మాట వదిలేద్దాం" అన్నాడు ఆఫీసరు.

"వదిలేస్తే ఇంకోసారి నన్ను పిలవకండి సార్" అన్నాను.

మా ఆవిడ నన్ను మింగేసేలా చూసింది. పెయింటర్ కుంచె గాల్లోనే ఉంది.

"రాయవయ్యా" అన్నాడు మామగారు పెయింటర్‌తో. "నువ్వు రాయకపోతే రేపు వీడే డబ్బా తెచ్చుకుని రాసిపోతాడు. నాకు తెలుసు వీడి సంగతి."

పెయింటర్ కుంచె ముంచాడు. మామగారు కుర్చీ బోర్డు దగ్గరికి లాక్కుని కూర్చుని, మొదటి అక్షరం పక్కకు వాలిందని గొణగడం మొదలుపెట్టాడు.