కప్పు లేని దడి

వేపాకు రంగు దిగింది గానీ నీళ్ళు ఇంకా చెయ్యి పెట్టేలా లేవు, కాస్త చల్లారనివ్వాలి, ఈలోగా ఆయన మళ్ళీ నిద్ర నటిస్తారు, నటించనీ, పంచె అంచు పిడికిట్లో బిగించి గోడవైపు తిరిగి పడుకుంటే నిద్రపోతున్నారని నేను నమ్మేయాలట, చిన్నపిల్లాడా ఏమన్నా, డెబ్భై దాటిన మనిషి, గదిలో వాసన మాత్రం నిద్రపోదు, అగరొత్తులు వెలిగించాను, సాంబ్రాణి వేశాను, అయినా వాటి మీంచి వస్తూనే ఉంది, ఎక్కడో ఎలుక చచ్చిందండీ అంటూ మొన్న పనమ్మాయి మంచం కింద వెతుకుతుంటే నేనూ దాంతోపాటు వంగి వెతికాను, ఏం చెప్పను, అయ్యగారి గజ్జల్లో పుండే తల్లీ అని చెప్పనా, ఆ మాట చెవిన పడితే ఈయన పాక్కుంటూ వెళ్ళయినా నూతిలో దూకుతారు, ఏడాది పైన దాచారు మరి, నా పక్కనే పడుకుంటూ, పంచె కింద చిన్న గడ్డ పెరిగి, చితికి, పుండవుతుంటే, పాత తువ్వాళ్ళు చింపి తనే కట్టుకుని, ఆ గుడ్డలు తోటలోకి తీసుకెళ్ళి ఎండు కొబ్బరికమ్మల్లో పెట్టి కాల్చేసి, ఏంటండీ రోజూ ఈ మంట అంటే, దోమలే, దోమలకి, అనేవారు, నేను నమ్మాను, దోమలు నిజంగానే ఉన్నాయి కదా.

వాసన ఇంక దాగక కాకినాడ తీసుకెళితే, డాక్టరు రోజూ రెండుపూటలా కడిగి మందు పెట్టాలన్నాడట, లేకపోతే పురుగు పడుతుందన్నాడట, ఇదంతా మా అబ్బాయి ఆంజనేయప్రసాద్ చెప్పిన మాటే, నేను విన్నది కాదు, నన్ను ఆ పచ్చతెర దాటనివ్వలేదు, మీ అమ్మని బయట కూర్చోమనరా అన్నారు వాడితో, కట్టుకున్న పెళ్ళాన్ని బెంచీ మీద కూర్చోబెట్టి ముక్కూ మొహం తెలియని డాక్టరుకి చూపించుకున్నారు, బయటికొచ్చాక ఏమన్నారండీ అంటే, ఏవుంది, ఒట్టి పుండేనంట, తగ్గిపోద్దంట, టీ తాగుదావా, అన్నారు, ప్రసాద్ అటు తిరిగి ఫోను చూసుకుంటున్నాడు, కడగడానికి పెట్టిన కాంపౌండర్ని వారం తిరక్కుండా తిట్టి తరిమేశారు, అబ్బాయి రామచంద్రపురంలో ధాన్యం కొట్టు వదిలి రోజూ రాలేడు, కోడలు వస్తానంటే మండిపడ్డారు, మిగిలింది నేను, నిన్న పొద్దుట్నించీ ఆ పుండు మీద నీటిచుక్క పడలేదు, ఇవాళ కూడా కడగనివ్వకపోతే పురుగే, ఇంక పురుగే.

నేనెవరి కూతుర్నని, కపిలేశ్వరపురం దిసమొల పెద్దిరాజుగారి కూతుర్ని, ఆ పేరు వింటే ఇప్పటికీ ఆ వైపు ముసలాళ్ళు పైగుడ్డ నోటికడ్డం పెట్టుకుని నవ్వుతారు, నవ్వనీ, ఏ మందుకీ లొంగని కడుపునొప్పి ప్రకృతి వైద్యంలో తగ్గిందని మా నాన్న దానికే అంకితమైపోయాడు, గోదారి లంకలో మా పొలం దగ్గర తాటాకులతో రెండు దడులు కట్టించాడు, మగవాళ్ళకొకటి, ఆడవాళ్ళకొకటి, పైన కప్పు లేకుండా, ఒండ్రుమట్టి పూసుకుని ఎండలో కూర్చోవాలి, ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు, ఎండకి లేని సిగ్గు మనకెందుకమ్మా అనేవాడు, చిన్నప్పుడు దడి బయట మజ్జిగకుండకి కాపలా కాయడమే నా పని, కాలేజీ చదువయ్యాక నేనూ లోపలికి వెళ్ళాను, మొదటిరోజు తల ఎత్తలేదు, మా బంగారమ్మత్త, ఏవే, ఇక్కడ నీకున్నదే అందరికీ ఉంది, పైగా మాకు ఎక్కువుంది, అని తన పొట్ట చరుచుకుంటే అందరూ ఒకటే నవ్వు, ముడతల ఒళ్ళు, కాన్పుల చారలు, ఆపరేషన్ కుట్లు, ఒకావిడకి ఒకపక్క రొమ్ము తీసేశారు, ఆవిడ అలాగే కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తూ కోడలి మీద చాడీలు చెప్పేది, ఎవరూ అటు చూసేవారు కాదు, చూడకూడదని కాదు, అప్పటికే చూసేశారు గనక, నెల తిరిగేసరికి నాకు ఒళ్ళంటే మొహం లాంటిదే అయిపోయింది, అందరికీ ఉండేదే, ఒక్కొక్కళ్ళది ఒక్కో రకం, అంతే.

అదంతా పెళ్ళితో సరి, అమ్మాయీ, మీ పుట్టింటి ముచ్చట్లు ఈ గుమ్మం ఇవతల వద్దమ్మా, అంది మా అత్తగారు, నేను కాపురానికి వచ్చిన మర్నాడే, నెమ్మదిగానే అంది, ఒంటరిగా స్నానం చేసేటప్పుడు కూడా లంగా గుండెల మీదకి కట్టుకోవాలని నేర్పింది, నేర్చుకున్నాను, కానీ ఒంటికి ఎండ కావాలనిపించేది, ఆకలి వేసినట్టే ఉండేది అది, ఓ మధ్యాహ్నం ఇంట్లో అందరూ అంతర్వేది తీర్థానికి వెళ్ళారు, పెరట్లో స్నానాల దడికి అప్పట్లో కప్పు లేదు, లోపలికి వెళ్ళి చీరా రవికా విప్పేసి ఎండలో కూర్చున్నాను, ఎంత సుఖమో, ఎక్కడో కొబ్బరికాయల దింపులు తీసేవాడు చెట్టెక్కుతున్నానండోయ్ అని కేకేశాడు, ఇళ్ళ పక్క చెట్లెక్కే ముందు అలా కేకెయ్యడం వాళ్ళ మర్యాద, పక్కతోటలో అనుకున్నాను, లంకలో దడికి అలవాటుపడ్డదాన్ని, అక్కడ రెల్లు తప్ప చెట్టేది, ఈ కోనసీమలో ప్రతి ఇంటి నెత్తి మీదా కొబ్బరిచెట్టుంటుందని, చెట్టు మీద మనిషుంటాడని నాకేం తెలుసు, పైనుంచి దగ్గు వినపడింది, తలెత్తితే మట్టల్లో మొహం అటు తిప్పుకుని ఉన్నాడు పాపం, దిగలేడు, ఉండలేడు, వాడు మంచివాడే గానీ నోట్లో మాట నిలవలేదు, తీర్థం నుంచి వచ్చేసరికి ఊరంతా తెలుసు, ఈయన నన్ను ఒక్క మాట అనలేదు, కొట్టినా బాగుండేది, రెండు రోజులు అన్నం ముట్టలేదు, మూడోనాడు మనుషుల్ని పిలిపించి ఆ దడికి రేకు కప్పు వేయించారు, ఆ రేకు కింద చీకట్లో నీళ్ళు పోసుకుంటూ ఏడ్చాను, తర్వాత్తర్వాత ఏడుపు కూడా రాలేదు.

ఇంక చాలు, నీళ్ళు చల్లారాయి, ఏవండీ, లేవండి, నాకు తెలుసు మీరు మెలకువగానే ఉన్నారు, కడగాలండి, అన్నాను, ప్రసాద్ వచ్చేక చూద్దాంలే, అన్నారు, వాడు ఆదివారం గానీ రాడండి, అయితే ఆదివారమే, అప్పటికి పురుగు పడుతుందండి, పడనీయవే, వాటికీ తిండి ఉండాలిగా, అని నవ్వబోయారు, నాకు ఒళ్ళు మండిపోయింది, ఛీ ఏం మాటలవి, గిన్నె కింద పెట్టి పంచె పట్టుకుని లాగాను, ఆయన అటు లాగారు, ఇంత బక్కచిక్కిన మనిషికి ఆ బలం ఎక్కణ్ణించి వచ్చిందో, ఏవే, మీ నాన్నగారి విద్య నా మీద చూపిత్తావా, అంత సిగ్గులేనోళ్ళే కదా మీరు, అయితే ముందు నువ్వు తియ్యి, ఇక్కడే, పట్టపగలు, నువ్వు తీత్తే నేనూ తీత్తాను, అన్నారు.

ఓస్ ఇంతేనా అనుకున్నాను, ఎవరితో పందెం వేస్తున్నాడో ఈ మనిషికి తెలియదు, లేచి తలుపు గడియపెట్టాను, భుజం దగ్గర పిన్ను మీద చెయ్యి వేశాను, చెయ్యి అక్కడే ఆగిపోయింది, ఊఁ, తియ్యి, అంటున్నాను నాలో నేను, పెళ్ళాం మొగుడి ముందు, ఎవరున్నారు చూడ్డానికి, వేళ్ళు పిన్నుని ఇంకా గట్టిగా నొక్కుతున్నాయి, ఊడిపోతుందేమోనని కాపలా కాస్తున్నట్టు, ఏమైంది నాకు, ఆ ఎండలో కూర్చున్న పిల్ల ఏమైంది, ఎప్పుడు పోయింది, పోయినట్టు నాకే తెలియలేదే, ఆయన నా వైపే చూస్తున్నారు, గెలిచానన్న నవ్వు లేదు మొహంలో, మంచం మీద కూలబడ్డాను, విప్పాలంటే ఇలాగే ఉంటుందా అండీ మీకు, అన్నాను, ఆయ్, ఇలాగే ఉంటాది, అన్నారు.

అయితే చూడనండి, కళ్ళు మూసుకుంటాను, మీ మీద ఒట్టు, చేత్తోనే కడుగుతాను, అన్నాను, కాసేపటికి పంచె జరిపిన చప్పుడు, కళ్ళు మూసుకుని గుడ్డ ముంచి పిండాను, ఈ నలభై ఏళ్ళ పైచిలుకు కాపురం అంతా దీపం ఆర్పాకే కదా, ఈ ఒంటిని నా కళ్ళు ఎరగవు, చెయ్యి ఎరుగును, ఎక్కడ ఎముక, ఎక్కడ పుట్టుమచ్చ, అన్నీ దానికి తెలుసు, అందుకే అది ముందు తెలుసుకుంది, తొడ ఏది, ఇక్కడ కండ ఉండాలే, ఇదేమిటి ఈ గుంట, ఇంత లోతా, గజ్జల్లో అన్నారు కదా, ఇది పొత్తికడుపు దాకా పాకిందేం, రెండో వైపు కూడా రాళ్ళలా ఈ గడ్డలేమిటి, ఆయన పళ్ళు బిగపట్టిన చప్పుడు వినిపిస్తోంది, నా చెయ్యి కదలడం లేదు, ఇది తగ్గే పుండు కాదు, ఆ తెర వెనక డాక్టరు చెప్పింది ఇదే, ప్రసాద్ అటు తిరిగింది ఇందుకే, సిగ్గు పేరు చెబితే నేను ఇట్టే నమ్మేస్తానని ఈయనకి తెలుసు, సిగ్గు నిజమే, కానీ దాని కింద దీన్ని దాచారు, నాకు తెలియకుండా పోదామనుకున్నారు.

తెలిసిపోయిందా, అన్నారు, ఆయ్, తెలిసిందండి, అన్నాను, మరింకేం, కళ్ళు తెరు, ఇంక దాచేదేవుంది, అన్నారు, గొంతులో విసుగు లేదు, నా మోకాలి మీద చెయ్యి కూడా వేశారు, నేను రెప్పలు ఇంకా గట్టిగా బిగించాను, ఒంటిని చూడ్డం నేర్పాడు మా నాన్న, వెళ్ళిపోయే ఒంటిని చూడ్డం నేర్పలేదు, ఇన్నేళ్ళూ నన్ను చూడనివ్వనిది ఈయనేనని తిట్టుకున్నాను, ఈయన ఇప్పుడు పంచె తీసేసి పట్టపగలు నా ఎదురుగా ఉన్నారు, చూడవే సూర్యావతీ, అంటున్నారు, నా వల్ల కావడం లేదండి, అన్నాను.