దొర కాగితంలో నా తప్పు

ముందు నేను చేసిన పాడుపని చెబుతాను. దొర చేసిన పాడుపని తర్వాత చెబుతాను. అన్నల్లారా, చదువుకుంటున్న పిల్లల్లారా, ఈ వరస మార్చి చెబితే మీరు నన్ను మెచ్చుకుంటారు. అందుకే మార్చను.

తొంభై ఆరులో నేను బహ్రెయిన్‌లో ఒక ఇంగ్లీషు బళ్ళో నేల తుడిచేదాన్ని. పేరు సాయికుమారి. మాది కాకినాడ పక్క. ఇంటర్ తప్పాను. మేం పన్నెండు మంది ఆడవాళ్ళం, అందరం కోస్తావాళ్ళమే. ఒక క్లీనింగ్ కంపెనీ మమ్మల్ని బడికి పంపేది. మేం ఉండే క్యాంపు సల్మాబాద్‌లో. పొద్దున్నే కంపెనీ బస్సు మమ్మల్ని బడి వెనక గేటు దగ్గర దింపేది. ముందు గేటు టీచర్లది, పిల్లలది. పిల్లల్లో అన్ని రంగులూ ఉండేవి. అరబ్బుల పిల్లలు, మన ఇండియా ఆఫీసర్ల పిల్లలు, ఫిలిప్పీన్స్ పిల్లలు. టీచర్లు మాత్రం అందరూ తెల్లవాళ్ళే. ఫీజు కట్టడానికి ఏ రంగైనా పనికొచ్చేది, బోర్డు ముందు నిలబడ్డానికి ఒక్క రంగే పనికొచ్చేది.

సెప్టెంబరులో ఒక పొద్దున వెనక గేటులోంచి ఒకావిడ వచ్చింది. నల్లగా, పొడుగ్గా ఉంది. కాటన్ గౌను, భుజాన సంచి. ముందు గేటు వాచ్‌మన్ ఆవిణ్ణి ఇటు తోలేశాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా చేతిలోని నేల తుడిచే మాప్ తీసి ఆవిడ చేతిలో పెట్టాను. "యల్లా, రెండో నంబరు బాత్రూం" అన్నాను. యల్లా అంటే అరబ్బీలో 'పద, త్వరగా' అని. కొత్త పనిమనిషి వచ్చింది, నాకు పని తగ్గిందని సంబరపడ్డాను కూడా.

ఆవిడ మాప్‌ని గోడకి ఆనించింది. "నేను మూడో క్లాసు టీచర్ని. నా పేరు ఎవెలిన్" అంది ఇంగ్లీషులో, నాకు అర్థమయ్యేలా మెల్లగా.

నా వెనక సుబ్బాయమ్మ పిన్ని పగలబడి నవ్వింది. ఉప్పాడ మనిషి, వలలు అల్లుకునే ఇంట్లో పుట్టింది. మా అందరిలోకీ పెద్దది.

"ఏంటే, ఈవిడ టీచరా? నాకన్నా నలుపు గదే! నన్నే మా ఊళ్ళో కర్రి సుబ్బాయని పిలిచేవోరు."

అందరం నవ్వాం. ఆ నవ్వు తల్చుకుంటే నా మీద నాకే రోత.

ఇదంతా ప్రిన్సిపాల్ దొర వరండాలో నిలబడి చూశాడు. ఆవిణ్ణి లండన్ నుంచి ఉత్తరాల మీదే పనిలో పెట్టుకున్నాడాయన. పేరు చూసి తెల్లమనిషే అనుకున్నాడు. నేను చేసిన తప్పే ఆయనా చేశాడు, కాకపోతే తిరగేసి. నాకు సిగ్గేసింది. ఆయనకి ఎవెలిన్ మీద కోపం వచ్చింది.

మూడో క్లాసు గోడకి 'ప్రపంచ ప్రజలు' అని ఒక బొమ్మల చార్టు ఉండేది. తెల్లాయన చేతిలో పుస్తకం, మనలాంటాయన నెత్తిన బుట్ట, నల్లాయన చేతిలో ఈటె. రోజూ దాని మీద దుమ్ము తుడిచేది నేనే, ఒక్కనాడూ దాన్ని చూడలేదు. ఎవెలిన్ టీచర్ వచ్చిన వారానికే చార్టు ముందు పిల్లల్ని కూర్చోబెట్టింది. "ఇది గీసినవాళ్ళెవరు? తమ చేతిలో ఏం పెట్టుకున్నారు? మిగతావాళ్ళ చేతిలో ఏం పెట్టారు?" అని అడిగింది. వరండా తుడుస్తూ విన్నాను. పిల్లలు చాలాసేపు వాదించుకున్నారు. తర్వాత ఆవిడ చార్టుని గోడవైపు తిప్పేసి, "మీకు రాని పని వచ్చినవాళ్ళు ఈ బళ్ళో ఎవరున్నారో వెతకండి" అంది. పిల్లలు వెతికి వెతికి సుబ్బాయమ్మ పిన్నిని లాక్కుపోయారు.

పిన్ని ఆకుపచ్చ యూనిఫాం కోటుతోనే బోర్డు ముందు నిలబడి, పురికొసతో వల ముడి వేసి చూపించింది. ఆమెకి ఇంగ్లీషు రాదు, వాళ్ళకి తెలుగు రాదు.

"ఇట్టా తిప్పు. ఇందులోంచి దూర్చి లాగు. అబ్బ, అట్టా కాదయ్యా, నీ సెయ్యి ఇటు తే."

గంటలో ఇరవై ఎనిమిది మంది ముడి నేర్చుకున్నారు. వెళ్ళేటప్పుడు "థాంక్యూ టీచర్" అన్నారు. పిన్ని బాత్రూంలోకి పోయి చాలాసేపు మొహం కడుక్కుంది.

మర్నాడే ఒక తల్లి వచ్చి, మా అబ్బాయికి పనిమనిషి చేత పాఠం చెప్పిస్తారా అని గొడవ చేసింది. ఆవిడ తెల్లావిడ కాదు. మన ఇండియా ఆవిడే. దొర పిల్లల ముడులన్నీ చెత్తబుట్టలో వేయించి, చార్టుని మళ్ళీ ఇటు తిప్పించాడు. ఆ బుట్ట ఖాళీ చేయాల్సింది నేనే. ముడులు ఏరి కోటు జేబులో దాచుకున్నాను.

బుధవారం మా సూపర్‌వైజర్ కన్నబాబు ఇంకు ప్యాడు పట్టుకొచ్చాడు. అమలాపురం మనిషి. దొరల కన్నా ఇలాంటి మనవాళ్ళంటేనే నాకు ఎక్కువ అసహ్యం.

"కొత్త కోట్లొస్తన్నాయి. కొలతల కాగితం ఇది. గబగబా ఏలిముద్రలెయ్యండి."

ఏడుగురు వేశారు, సుబ్బాయమ్మ పిన్నితో సహా. ఎనిమిదోదాన్ని నేను. కాగితం చేతిలోకి తీసుకుని చదివాను. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. ఈ టీచరు పిల్లల్ని భయపెడుతోంది. పనివాళ్ళతో చనువుగా ఉండి బడి మర్యాద చెడగొడుతోంది. మొదటిరోజు పనివాళ్ళు సైతం ఈమెను పనిమనిషే అనుకుని చేతికి మాప్ ఇచ్చారు. దీనికి మేం సాక్షులం.

మూడో వాక్యం రెండోసారి చదివాను. నా చేత్తో నేనిచ్చిన మాప్‌ని దొర తెచ్చి ఆవిడ మెడకి కట్టాడు.

"కన్నబాబుగారూ, ఇందులో కోట్ల సంగతేం లేదండి."

"పెద్ద సదువరివా నువ్వు? వచ్చే నెల్లో వీసా రెన్యువలు. పాస్‌పోర్టులు ఎవరి దగ్గరున్నాయో గుర్తుందా?" కాగితం లాక్కున్నాడు. "ఏడు సాలు. మిగతావాళ్ళ సంగతి తర్వాత సూత్తా."

శనివారం తల్లిదండ్రుల మీటింగులో ఆ కాగితం చదివి ఎవెలిన్‌ని విమానం ఎక్కిస్తారని బడంతా గుప్పుమంది.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం క్యాంపులో వంట షెడ్డు రేకుల కింద అందరం చేరాం. కాగితంలో ఏముందో చెప్పాను. మా బస్సు తోలే నర్సింలు కూడా వచ్చాడు. నిజామాబాద్ వైపు మనిషి.

పాపాయమ్మ ముందుగా లేచింది. "ఆవిడ మన దేశమా, మన కులమా? ఆవిడ కోసం మన కడుపు మీద మనం కొట్టుకుంటామా?"

"వేసినోళ్ళు ఎలాగూ వేసేశారు, ఇంక ఏం చేస్తాం?" అని ఇంకొకామె.

నర్సింలు గొంతు పెంచలేదు. "మా ఊరి బళ్ళె పంతులు నన్ను గడప బయట కూసోబెట్టిండు. నా పలక ముట్టకపోతుండె. దూరంకెళ్ళి సూసి కట్టెతోని నూకెటోడు. మూడేండ్లు గట్లనే సదువుకున్న. గది పంతులు ఒక్కడు జేసిన పనా? ఊరంత సూసింది, ఒక్కలు అడగలే. సప్పుడు జెయ్యకుంట ఉన్నోళ్ళందరు ఏలిముద్ర ఏసినట్టే అక్కా."

పాపాయమ్మ తన గ్లాసు నర్సింలుకి తగలకుండా విడిగా దాచుకుంటుందని క్యాంపులో అందరికీ తెలుసు. ఆ సంగతి ఆరోజు ఎవరం ఎత్తలేదు. ఎత్తాల్సింది.

సుబ్బాయమ్మ పిన్ని బొటనవేలు చూసుకుంది. ఇంకా నీలంగానే ఉంది. "నేనేసిన ఏలు నేనే ఎనక్కి తీసుకుంటా. రేపు ఆ మీటింగులోకి పోతన్నా. నాతో ఎవురొత్తారు?"

ముందు నేను లేచాను. తర్వాత ఇద్దరు, తర్వాత ఏడుగురు. ఆఖరికి పాపాయమ్మ, తిట్టుకుంటూనే లేచింది.

శనివారం ముందు గేటులోంచే వెళ్ళాం. హాలు నిండా తల్లిదండ్రులు. ఎవెలిన్ ఒక మూల కుర్చీలో ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. దొర సరిగ్గా మూడో వాక్యం చదువుతున్నాడు. కొందరు నవ్వుతున్నారు, మేం ఆరోజు నవ్వినట్టే.

"సార్, ఆ మాట నాది" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. "మాప్ ఇచ్చింది నేను. నల్లగా ఉంటే పనిమనిషే అని నేనూ నేర్చుకున్నాను. మీ పిల్లలకి కూడా అదే నేర్పుతున్నారు, మూడో క్లాసు గోడ మీద చూడండి. తప్పు నాది, ఆవిడది కాదు. మిగతా మూడు మాటలూ అబద్ధం. కోట్ల కొలతలని చెప్పి మా వేళ్ళు తీసుకున్నారు."

సుబ్బాయమ్మ పిన్ని నా జేబులోని ముడులు తీసి దొర బల్ల మీద పోసింది. పక్కనే తన నీలం వేలు ఆనించింది.

"ఇది నా ఏలు. ఇయ్యి నేను సెప్పిన పాఠం. ఇందులో తప్పేటుందో సూపించు దొరా."

ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పాను. దొర మొహం ఎర్రబడింది. బయటికి పొమ్మన్నాడు. మేం పోలేదు. పన్నెండు మందిమీ నేల మీద కూర్చున్నాం. రోజూ మేం తుడిచే నేలే అది. ముందు వరసలో ఒకావిడ తన హ్యాండ్‌బ్యాగు దగ్గరికి లాక్కుంది. దొంగలమనుకుంది కాబోలు, థూ. ఎవెలిన్ కుర్చీలోంచి లేచి వచ్చి మా మధ్య నేల మీద కూర్చుంది.

పోలీసులు వచ్చారు. వారంలో పదమూడు మంది వీసాలూ క్యాన్సిల్. ఆవిణ్ణి లండన్ విమానం ఎక్కించారు, మమ్మల్ని బొంబాయి విమానం. మేం ఓడిపోయి పోయామని కన్నబాబు క్యాంపంతా చెప్పుకు తిరిగాడట.

రెండు నెలలకి నర్సింలు ఉత్తరం రాశాడు. కన్నబాబు క్యాంపులో మగాళ్ళ దగ్గరికి ఇంకో కాగితం తెచ్చాడట. రేషన్ కార్డుల కోసం వేలిముద్రలని చెప్పాడట. అందులో ఉన్నదేమో మేం పన్నెండు మందిమీ గొడవ మనుషులమని సాక్ష్యం. ప్యాడు మూత తీసి పెట్టి, యల్లా యల్లా అని అరిచాడట.

నూట నలభై మంది వరసగా నిలబడ్డారట, బొటనవేళ్ళు పిడికిట్లో దాచుకుని.

"ముందుగాల సదివి వినిపియ్యి" అన్నాడట నర్సింలు.

కన్నబాబు చదవలేదు. వెనక వరసల్లోంచి మళ్ళీ అదే మాట వచ్చిందట, ఈసారి అందరి నోటా.