ఆరు రోజులు

మా నాన్న గిల్లిస్ మా దేశానికి చరిత్ర రాశాడు. రాశాడంటే, ఆయన చెప్పాడు, నేను రాశాను. అప్పటికే ఆయన చూపు మందగించింది. ఆ రాతప్రతి నిండా ఉన్నది నా దస్తూరీయే, నా ఖర్మ కొద్దీ.

అంతకుముందు ఆయన రాయబారి. ఫ్రెంచి సైన్యం మా వెర్‌హోవెన్ కోటను ముట్టడించినప్పుడు మేం సాయం అడగడానికి పొరుగు రాజు కొలువులో ఉన్నాం. చూపు సరిగా లేని మనిషికి తోడుగా నేనే వెళ్ళాను. ఒప్పందం మీద సంతకం పెడితే మర్నాడే సైన్యాన్ని పంపుతానన్నాడు ఆ రాజు. మా రాయబారులు సొంతంగా సంతకం పెట్టడానికి లేదు. మా దేశంలో ఒక్కో ఊరి పెద్దలూ సరేననాలి. సరిగ్గా ఆ రోజే కోటలోంచి ఉత్తరం వచ్చింది. రాసింది తలుపు కాచే దళనాయకుడు యోస్ట్, నా మొగుడు. మూడు రోజులకు మించి నిలవలేమని రాశాడు. దాన్ని నాన్నకు చదివి వినిపించింది నేనే.

"పెట్టెయ్ నాన్నా సంతకం. తరవాత సంగతి తరవాత చూసుకుందాం" అన్నాను.

"ఊళ్ళని అడక్కుండా పెడితే నా ఉద్యోగం ఊడుతుందే."

ఊళ్ళ జవాబు ఆరు రోజులకు వచ్చింది. యోస్ట్ నాలుగో రోజునే, కూలిన గోడ దగ్గర చచ్చిపోయాడు.

చరిత్రలో ఆ చోటికి వచ్చేసరికి నాన్న గొంతు సవరించుకున్నాడు. "దళనాయకుడు యోస్ట్ శత్రువుకు తలుపు తీశాడు. రాయి."

"అబద్ధం కదా నాన్నా."

"తెలుసు తల్లీ. ఊరిపెద్దలు ఒప్పుకుంటేనే పుస్తకం అచ్చవుతుంది. ఆరు రోజులు నాన్చామని రాస్తే ఒప్పుకుంటారా? చచ్చినవాడికి కొత్తగా పోయేదేముంది?"

"పేరు పోతుంది. నాకు మిగిలింది అదొక్కటే."

"ఇప్పటికి రాసెయ్. అనుమతి రానీ, అచ్చుకిచ్చే ముందు ఆ మాట కొట్టించేస్తాను. నామీద ఒట్టు."

కన్నతండ్రి కదా, నమ్మక చస్తానా? రాసిచ్చాను.

రాతప్రతి చూడటానికి ముగ్గురు పెద్దలు హేగ్‌లోని మా ఇంటికొచ్చారు. హెరింగు చేపలూ బీరూ వడ్డించాను. వాళ్ళలో తెన్‌హోల్ట్ అనే ఆయన ఆ పేజీ దగ్గర ఆగాడు.

"గిల్లిస్ గారూ, ఈ తలుపు సంగతికి సాక్ష్యమేమిటండీ?"

"ఆ దస్తూరీ ఎవరిదనుకున్నారు?" అన్నాడు నాన్న తాపీగా. "యోస్ట్ పెళ్ళానిదే. మా అమ్మాయి."

ముగ్గురూ నావైపు తిరిగారు. నేను బీరు కూజా బల్లమీద పెట్టేశాను.

"అబద్ధమండీ. ఆయన తలుపు తియ్యలేదు" అన్నాను.

"మరెందుకు రాశావమ్మా?" అని తెన్‌హోల్ట్ మెత్తగా అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు. "పాపం, ఇంకా కోలుకోలేదు లెండి."

వాళ్ళు జాలిగా తలలూపి, చేపలు తినేసి వెళ్ళారు. పుస్తకం అక్షరం మారకుండా అచ్చయింది. చర్చిలో నా పక్కన కూర్చునే ఆడవాళ్ళు బెంచీ మారారు.

ఇప్పుడు నాన్నకు చూపు పూర్తిగా పోయింది. రోజూ మధ్యాహ్నం వెచ్చదనానికి కాళ్ళకింద నిప్పుల పెట్టె పెట్టించుకుని, ఆ పుస్తకమే చదవమంటాడు. నిన్న ఆ పేజీ వచ్చింది.

"ఉత్తరం మొదటి రోజే వచ్చింది. రాయబారి ఆరు రోజులు నాన్చాడు. యోస్ట్ తలుపు తియ్యలేదు" అని చదివాను.

ఆయన ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. "అందులో అలా లేదు కదే."

పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టాను.

"నువ్వే చూసుకో నాన్నా" అన్నాను.