‘బై’ అన్న చిన్న ముక్క

బట్టలు కుట్టి విదేశాలకు పంపే ఆ కంపెనీలో సెక్షన్ హెడ్‌ను అందరూ డిక్షనరీ అంటారు. ముఖం మీదే అంటారు, ఆయన మురిసిపోతాడు కూడా. ఆయన కింద పనిచేసే గుమాస్తా అమ్మాయిని మాత్రం మూర్ఛ మేడం అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఆయనే.

ప్రమోషన్ ఇంటర్వ్యూలో ఆమె, "ఐ పాస్డ్ ఔట్ విత్ ఫస్ట్ క్లాస్" అంది. కాలేజీ చదివిన ప్రతివాడూ అనే మాటే. డిక్షనరీ కళ్ళజోడు సవరించుకుని, "పాస్డ్ ఔట్ అంటే స్పృహ తప్పడం. ఫస్ట్ క్లాసుగా పడిపోయారా అమ్మా?" అన్నాడు. యజమానురాలు పెద్దమేడం పకపకా నవ్వింది. ఆ నవ్వులో ప్రమోషన్ కొట్టుకుపోయింది.

ఆ రోజు నుంచి ఆమె కడుపు రగులుతూనే ఉంది. మన చెయ్యి సంగతే చూడండి. చెయ్యి చేసుకుంటే దెబ్బ, చెయ్యిస్తే మోసం, చేతులెత్తేస్తే ఓటమి. ఇంగ్లీషువాళ్ళ క్రియలదీ అదే వరస, పక్కనున్న చిన్న ముక్క మారితే అర్థం తారుమారు. ఆ ముక్కలన్నీ ఆమె పళ్ళు నూరుతూ నేర్చుకుంది. ఉద్యోగం కోసం కాదు, వాడెప్పుడు తప్పులో కాలేస్తాడా అని కాచుక్కూచోవడానికి.

వేశాడు. బట్టలు కొనే కంపెనీవాడు స్పీకర్ ఫోన్లో, "రన్ ద బ్లూ బై అస్ ఫస్ట్" అన్నాడు. నీలం గుడ్డ ముందు మాకు చూపించి సరేననిపించుకోండి అని భావం. కుట్టు ఫ్యాక్టరీలో రన్ అంటే మిషన్లు నడపడమే కదా! డిక్షనరీ ఫోన్ పెట్టేసి, "ముందు నీలం నడిపించెయ్యమంటున్నారు" అని కటింగ్ మాస్టారికి కబురు పంపాడు. పక్కనే ఉన్న ఆమె "సార్, ఒక్క నిమిషం" అంటే చాలు. అనలేదు. పైగా కటింగ్ గదికి వెళ్ళి, దొంతరగా పరిచిన నీలం గుడ్డలో కత్తి దిగుతుంటే కళ్ళారా చూసింది. ఎంత హాయిగా ఉందో!

మర్నాడు కొనేవాళ్ళు మండిపడ్డారు. రంగు ఖాయం చెయ్యకుండా ఎవరు కోయమన్నారని అడిగారు. పెద్దమేడం గదిలో డిక్షనరీ తొణకలేదు, బెణకలేదు.

"ముందు వాళ్ళకి చూపించమనే చెప్పాను మేడం. మాస్టారే తొందరపడ్డాడు."

మాస్టారు ముసలాయన, నోట్లో నాలుక లేని మనిషి. ఆయన నోరు తెరిచేలోపే పెద్దమేడం, "రేపట్నుంచి మీరు రావద్దు" అనేసింది.

ఒకడి కోసం తవ్విన గోతిలో ఇంకొకడు పడ్డాడు. ఫైళ్ళు పట్టుకుని అక్కడే నుంచున్న ఆమె ముందుకొచ్చింది.

"అబద్ధం మేడం. రన్ బై అంటే చూపించమని. సారు నడపమన్నారనుకున్నారు. ఆ ఫోన్ నేనూ విన్నాను."

"విని ఎందుకూరుకున్నావ్?"

నాకూ అర్థం కాలేదంటే ఉద్యోగం నిలిచేది. ప్రాణం పోయినా ఆ మాట ఆమె అనదు.

"నాకు బాగా అర్థమైంది. ఆయనకి అర్థం కాలేదనీ అర్థమైంది. అందుకే నోరు మూసుకున్నాను."

మాస్టారి ఉద్యోగం నిలిచింది, మిగతా ఇద్దరికీ ఉద్వాసన. డిక్షనరీ తల వంచుకుని మెట్లు దిగుతుంటే ఆమెకు కడుపు నిండిపోయింది. మాస్టారు వెనకే వచ్చాడు. దణ్ణం పెడతాడేమోనని, "పర్లేదులెండి మాస్టారూ" అంది.

"వాడి మీద కోపం సరే అమ్మాయీ" అన్నాడాయన. "నిన్న నేను కోస్తుంటే పక్కనే నుంచుని చూశావు కదా. నేన్నీకేం చేశాను?"