మైసమ్మకు ఒప్పుకున్న పుంజు

పశువుల దవాఖానలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా పనిచేసి రిటైరయ్యాను. 'ఎవరో ఏదో చేసిన్రు' అన్న మాట వింటే ఇప్పటికీ నా ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంటుంది. బర్రె పాలివ్వకపోతే ఎవరో చేశారు, మేకపిల్ల చచ్చి పుడితే ఎవరో చేశారు. దాణా ఏం పెడుతున్నారని అడిగితే మాత్రం నేల చూపులు చూస్తారు. అందుకే రెండు వేల తొమ్మిది ఎండాకాలంలో చంద్రమ్మ పుంజును చంకలో పెట్టుకొని వచ్చి అదే మాట అన్నప్పుడు గయ్యిమని లేచాను.

పుంజు తోక మొదట్లో ఈకలు లేవు. అరచేతంత మేర చర్మం బయటపడి, అక్కడక్కడ నెత్తురు చుక్కలు కట్టి ఉంది. చేతబడి చేసేవాడికి కోడి ఈకలు పీకడం తప్ప వేరే పని లేదా అని అడిగాను. ఆమె నవ్వలేదు.

"ఇది మైసమ్మకు ఒప్పుకున్న పుంజు అన్నా. ఈక పోతే అమ్మ పట్టది" అంది.

చంద్రమ్మ భర్త కుర్మయ్య, నేను ఒకే ఊరివాళ్లం. ఊరు విమానాశ్రయం కిందికి పోయాక అందరికీ ఒకే కాలనీలో ప్లాట్లు ఇచ్చారు. మా ఇంటికీ వాళ్లింటికీ నడుమ మూడు గల్లీలు. నాలుగెకరాల చెలక పోయాక కుర్మయ్యకు పొద్దు గడవలేదు. పొద్దు గడవక తుక్కుగూడ దాకా నడిచి తాగొచ్చేవాడు. తర్వాత నడవకుండానే తాగడం అలవాటు చేసుకున్నాడు.

ఆ ఏడు మాఘంలో కామెర్లు ముదిరి అతని కడుపు ఉబ్బింది. ఇంకొక్క సీసా తాగితే ఇతన్ని ఇక్కడికి తీసుకురావద్దని పెద్ద దవాఖానలో డాక్టరు చంద్రమ్మతో చెప్పాడట. ఆమె ఇంటికొచ్చి తన కోళ్లలోంచి ఒక పుంజును పట్టి, మైసమ్మకు మొక్కి, మొగుడి చేయి దాని వీపు మీద పెట్టించింది. ఆషాఢంలో బోనాల నాడు ఆ పుంజు మైసమ్మకు ముట్టేదాకా చుక్క తాగనని, ఆ తర్వాత అమ్మే కాపాడాలని కుర్మయ్య ఒట్టు పెట్టాడు. ఒప్పుకున్న కోడి మీద ఒట్టంటే వాళ్లకు ఆటలు కాదు. అది కుంటిదైనా, ఒళ్లు బోడిదైనా అమ్మ పట్టదు. అమ్మ పట్టని కోడి మీద ఒట్టు నిలవదు. దాని బదులు ఇంకోదాన్ని ఇస్తామంటే కుదరదు.

నాకు ఇవేవీ తలకెక్కవు. కానీ డాక్టరుకు, పెళ్లానికి, నాకు లొంగని మనిషి ఒక కోడికి లొంగి మూడు నెలలుగా సీసా ముట్టలేదు. పుంజు ఒంటి మీద ఈకలుంటేనే ఈ మనిషి ఉంటాడని నాకు అర్థమైంది. చెప్పులేసుకొని ఆమె వెంట వెళ్లాను.

ఇంటి వెనక మంచం వేసినంత రేకుల గూడు. అందులో పదకొండు కోళ్లు. పాత ఊళ్లో ఇవే కోళ్లు పొద్దున గంప ఎత్తితే పొద్దుగూకేదాకా చెలకల్లో తిరిగి చెదలు, మిడతలు ఏరుకు తినేవి. ఇక్కడ వదిలితే కుక్కలు, పక్కింటి ముత్తమ్మ నోరు. అందుకని పగలూ రాత్రీ గూట్లోనే. తిండి రేషను బియ్యం, మళ్లీ రేషను బియ్యం. ఏడెనిమిది కోళ్లకు వీపుల మీద ఈకలు పలచబడ్డాయి. నేను చూస్తుండగానే ఒక పొడల పెట్ట పక్కదాని వీపు నుంచి ఈక లాగి గుటుక్కున మింగింది.

"ఇగో, మీకు చేతబడి చేసినామె" అని చూపించాను.

పురుగూ పుట్రా దొరకని కోడికి ఈకే మాంసమవుతుందని, ఇరుకూ ఉక్కా తోడైతే పక్కదాన్ని పొడవడమే దాని పని అవుతుందని చెప్పాను. మనుషులు మాత్రం ఏం తక్కువ? కాలనీలో రోజుకో గోడ గొడవ. పొడల పెట్టను వారం రోజులు విడిగా గంప కింద మూయమన్నాను. తవుడులో ఎండు చేపల పొడి, గానుగాడిన పల్లి చెక్క కలిపి పెట్టమన్నాను. తోటకూర కట్టలు ముక్కుకందేంత ఎత్తున వేలాడదీస్తే పొడుచుకోవడానికి అవే ఉంటాయి. మూలన బూడిద, సన్న ఇసుక పోస్తే దొర్లుతాయి. రేకు మీద తడి గోనెలు, గూటి ముందు వలతో కొంచెం తిరిగే జాగా. పుంజు గాయానికి నీలం మందు ఇచ్చి, మానేదాకా దాన్నీ వేరుగా ఉంచమన్నాను.

నీలం మందే ఎందుకు అన్నా, ఇంట్లో పసుపు ఉంది కదా అని ఆమె అడిగింది. పూయమన్నది పూయి, నాకు వైద్యం నేర్పకు అని కసిరాను.

నేను చెప్పినవన్నీ చేసింది కుర్మయ్య. శంషాబాద్ సంతకు పోయి ఎండు చేపలు తెచ్చి రోట్లో దంచాడు. ఆ వాసనకు ముత్తమ్మ రెండు రోజులు గల్లీ దద్దరిల్లేలా తిట్టింది. అతను తల ఎత్తలేదు. కర్రలు పాతి వల కట్టాడు. పుట్టలు తవ్వి చెదలు తెచ్చాడు. భూమి పోయాక ఆ చేతులు ఒక పని చేయడం అప్పుడే చూశాను. రెండు వారాలకు పొడుచుకోవడం ఆగింది. జ్యేష్ఠానికి పుంజు తోక మొదట్లో లేత ఈకలు ముళ్లలా పొడుచుకొచ్చాయి. కుర్మయ్య కళ్లలో పసుపు తగ్గింది. నాకు సంతోషంగా ఉండేది, దాచడమెందుకు. కనపడిన ప్రతివాడికీ నా వైద్యం గురించి చెప్పుకున్నాను.

బోనాల ఆదివారం పొద్దున్నే చంద్రమ్మ పుంజుకు పసుపు నీళ్లతో స్నానం చేయించింది. తలకూ రెక్కలకూ కుంకుమ పెట్టింది. కొత్త ఈకలొచ్చిన చోట ఇంకా కొంచెం బోడిగా కనిపిస్తుందేమోనని, అమ్మ కంటికి లోటు కనపడకూడదని, అక్కడ మందంగా అద్దింది. డప్పులకూ చుట్టాల పిల్లలకూ కోళ్లు బెదురుతున్నాయని అన్నింటినీ రేకుల గూట్లోకి తోలి, పుంజునూ వాటితోనే వేసి తలుపు పెట్టింది. బోనం వండుకుంది. రెండు గంటలు పట్టింది.

తలుపు తీసింది కుర్మయ్య. పుంజు ఇంకా బతికే ఉంది. తోక మొదలు నుంచి లోపలికి పొడిచేశాయి, పేగు బయట ఉంది. కోళ్ల ముక్కులన్నీ ఎర్రగా ఉన్నాయి. చంద్రమ్మ నెత్తి మీద బోనంతోనే నిలబడిపోయిందట.

నన్ను పిలిచేసరికి అది చచ్చిపోయింది. దాని మీది కుంకుమ చూడగానే నాకు సంగతి అర్థమైంది. కోడి కంటికి ఎరుపు కనపడితే ముక్కు ఆగదు. లేత ఈకలో నెత్తురుంటుంది, ఒక్క పోటుకు కారుతుంది. నెత్తురు చూశాక పదికి పదీ మీద పడతాయి. నీలం మందు ఇచ్చింది ఆ ఎరుపు కప్పడానికే. ఆమె అడిగిననాడు ఈ రెండు మాటలు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఒప్పుకున్న కోడికి కుంకుమ పెడతారని నాకు తెలియదా? మా అమ్మ పెట్టింది, నా భార్య పెట్టింది. బయట చుట్టాలు మాత్రం అమ్మ పట్టలేదని తీర్పు చెప్పేశారు.

సాయంత్రం కుర్మయ్య మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మైసమ్మకు తన మీద అంత కోపమెందుకని అడిగాడు. మైసమ్మ కాదు, కుంకుమ అని నిజం చెప్పాను, ఒట్టు నిలబడుతుందన్న ఆశతో.

"చంద్రమ్మకు చెప్పకు అన్నా" అన్నాడు. "మైసమ్మ పట్టలేదనుకుంటే మైసమ్మను తిట్టుకుంట బతుకుతది. తన చెయ్యే అనుకుంటే బతుకది."

చెప్పను, కానీ నువ్వు తాగొద్దు అన్నాను. తల ఊపాడు. శ్రావణం దాకా ఆగాడు. ఆగలేక ఆగాడు, అది నేను చూశాను. తర్వాత మొదలుపెట్టాడు. కార్తీకంలో పోయాడు.

దినాలు అయిన వారానికి చూసి వద్దామని వెళ్లాను. చంద్రమ్మ కోళ్లకు తవుడు కలుపుతోంది. కొడుకు శ్రీకాంత్ ఎయిర్‌పోర్టులో కారు నడుపుతాడు, ఈ మధ్య వాడూ తాగి వస్తున్నాడని చెప్పింది. వాడి పేరు మీద ఇంకో పుంజును ఒప్పుకున్నానంది. చూస్తే గూట్లో కోళ్ల నడుమ పడుచు పుంజు, వీపు మీద ఒప్పుకున్న గుర్తుగా రూపాయి బిళ్లంత కుంకుమ.

చేయి పెట్టి పుంజును బయటికి లాగాను. ఆషాఢం దాకా దీన్ని నేను సాకుతానన్నాను. ఎందుకని అడిగింది. మా ఇంట్లో వేరే కోళ్లు లేవు కదా అన్నాను. అంటూనే నా బొటనవేలు దాని వీపు మీది కుంకుమను తుడుస్తోంది. ఆమె నా వేలు చూసింది. తర్వాత గూటి వైపు చూసింది.

"కుంకుమనా అన్నా?"

నేను వేలు వెనక్కి తీసుకున్నాను. ఆమె తవుడు తట్ట కింద పెట్టి, అక్కడే నేల మీద కూర్చుంది.

"ఆయనకు ఎరుకేనా?"

"ఎరుకే" అన్నాను. "నీకు చెప్పొద్దన్నడు."

మొగుడు పోయిననాడు కూడా ఆమె అలా ఏడవలేదు.