నాగులమ్మ ఇంటి వల

మైపాడులో పొద్దెక్కేసరికి పడవలు ఒడ్డుకొస్తాయి. మగవాళ్లు చద్దన్నానికి కూర్చుంటే ఆడవాళ్లు చిరిగిన వలలు ఒళ్లో వేసుకుంటారు. నాగులమ్మ ఇంటి వలకు మాత్రం ఓ గుణం ఉంది. ఇంట్లో ఎవరు ఏం దాచినా దానికి ముడి పడుతుంది. కత్తితో కోసినా తెగదు, మాట బయటపడితే తనే విడిపోతుంది. ఆమె మొగుడు చెంచయ్య చాటుగా తాగిన కల్లంతా అలా బయటపడిందే. చేపలు పడ్డాయా అని అడిగినట్టే, ముడి పడిందా అని అడుగుతారు ఇరుగుపొరుగు.

నెల్లూరులో నర్సు ట్రైనింగు చదివే కూతురు కామమ్మ సెలవులకు వచ్చిన రోజు, వలకు ఉసిరికాయంత ముడి కనిపించింది.

"ఎవురుమే వాడు?" అన్నాడు చెంచయ్య.

"ఎవురూ లేరు నాయనా."

"మన వల అబద్ధం చెప్పదు గదా."

కామమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. తను దాచింది ఒక్కటే, అదే చెప్పేసింది. రొమ్ము క్యాన్సర్ పాఠం చెప్తూ టీచరు రెబెక్కమ్మగారు బొమ్మ గీస్తే, అందరితోపాటు తనూ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ జబ్బొస్తే పోవడమేనని హాస్టల్లో అందరూ అనుకుంటే తనూ అదే నమ్మింది.

ముడి విడలేదు. నాగులమ్మ చేతిలో దారం మాత్రం ఆగిపోయింది.

"అదెట్టుంటదంట?"

"నొప్పిలేని గడ్డంట. ముందే చూపిస్తే బతకొచ్చంటారు మా టీచరు."

నాగులమ్మ లేచి కూతుర్ని లోపలికి తీసుకుపోయి తలుపేసింది. కామమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది, అంతకన్నా ఎక్కువ భయమేసింది. అమ్మ రైక మీద చెయ్యి వెయ్యలేకపోయింది.

"చిరుగెక్కడుందో వల తడిమి చూస్తావు గదా, అట్ట చూడుమే."

తడిమింది. ఉసిరికాయంత.

బయట చెంచయ్య గొంతు వినిపించింది. "ముడి ఇడిపోయింది! పేరు చెప్పిందా?"

తల్లీకూతుళ్లు కన్నీళ్లతోనే నవ్వుకున్నారు.

మద్రాసు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి ఒక పక్క తీసేశారు. నాగులమ్మ బతికింది. రైక ఒకవైపు వదులైందని వీధిలో అందరికీ తనే చెప్పుకుంది.

మరుసటేడు కామమ్మ బస్సు దిగి ఇంటికొచ్చేసరికి, పక్కింటి పేరమ్మ అరుగు మీద కాచుకుని ఉంది. అమ్మ పక్కనే కూర్చుని తీరిగ్గా వల బాగుచేస్తోంది.

"మా ఇంటిది ఉత్త వల మే, ముడీ గిడీ పడదు. అందుకే నేనే నోరు తెరిచి చెప్తా ఉండా," అంది పేరమ్మ.

కామమ్మ చేతులు కడుక్కుని ఆమెను లోపలికి తీసుకుపోయింది.